రెండో క్లాసు బాబుకి ఐఈపీ ఎలా అడగాలి? టెక్సస్‌లో ఉన్న ఒక అమ్మకి నా జవాబు

మీరు అడిగింది టూకీగా ఇదీ. బాబుకి ఏడున్నరేళ్ళు, టెక్సస్‌లో పబ్లిక్ స్కూల్లో రెండో క్లాసు. ఇండియా నుంచి వచ్చి రెండేళ్ళయింది. అక్షరాలు వచ్చు గానీ కూడబలుక్కుని చదవలేకపోతున్నాడు, ఒక్కచోట కూర్చోడు, తోటిపిల్లల్లో కలవడు. పిల్లల డాక్టరు ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అయ్యుండచ్చు అన్నారు. టీచరేమో "ఇంగ్లిష్ కొత్త కదా, ఈ ఏడాది చూద్దాం" అంటున్నారు. స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ ఉచితంగా ఇస్తారట, దానికి ఐఈపీ అని ఒక్కో పిల్లాడికి విడిగా ప్లాన్ రాస్తారట, హెచ్‌వన్ వీసా మీద ఉన్న మాకూ వర్తిస్తుందా, వాడి మీద ముద్ర పడిపోతుందా, ఇంట్లో తెలుగు మానేయమంటున్నారు, మానేయాలా అని మీ ప్రశ్నలు.

మా పెద్దవాడికి ఆటిజం. వాడి కోసం మీటింగులకి తిరిగి తిరిగి, ఆ తిరుగుళ్ళలోనే ఇక్కడి పద్ధతి నేర్చుకుని, చివరికి ఆ చదువే చదివాను. పన్నెండేళ్ళుగా ఒక పబ్లిక్ స్కూల్లో స్పెషల్ ఎడ్ టీచరుగా పనిచేస్తున్నాను. అంటే బల్లకి ఆ వైపూ కూర్చున్నాను, ఈ వైపూ కూర్చున్నాను. కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ భయంతోనే మనవాళ్ళు ఏళ్ళకేళ్ళు నోరు మెదపరు. స్కూలుకి మీ వీసాతో పని లేదు. ఏ కాగితాలూ లేని పిల్లలకి కూడా పబ్లిక్ స్కూల్లో చదువు చెప్పాల్సిందేనని సుప్రీం కోర్టు 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు పుట్టింది కూడా మీ టెక్సస్‌లోనే. మీ బాబు ఆ డిస్ట్రిక్టు (అంటే ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ) పరిధిలో ఉంటున్నాడు, చాలు. స్పెషల్ ఎడ్ అనేది ఎవరో దయతలచి ఇచ్చే సాయం లాంటిది కాదు, వాడి చదువులో భాగం. పక్కింటి పిల్లాడికి లెక్కల టీచరు ఎలాగో మీవాడికి ఇదీ అలాగే.

దీని వెనకున్న చట్టం పేరు ఐడియా (IDEA), వైకల్యం ఉన్న పిల్లల చదువు గురించిన కేంద్ర చట్టం. 1975 నవంబరు 29న ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం పెట్టినప్పుడు దాని పేరు వేరు, 1990లో ఈ పేరు వచ్చింది. అంతకు ముందు వైకల్యం ఉన్న పిల్లల్ని "మా దగ్గర కుదరదు" అని గుమ్మంలోంచే పంపేసిన స్కూళ్ళు బోలెడు. 1970ల మొదట్లో పెన్సిల్వేనియాలో, వాషింగ్టన్ డీసీలో తల్లిదండ్రులు కోర్టుకెక్కితే గానీ కథ మారలేదు. ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, ఈ చట్టం తల్లిదండ్రులు కొట్లాడితే వచ్చింది కాబట్టి దాని నిర్మాణమంతా తల్లిదండ్రుల చుట్టూనే ఉంటుంది. ముఖ్యమైన మెట్ల మీద మీ సంతకం కావాలి, మీకు నోటీసు రావాలి, మీకో కుర్చీ ఉండాలి. మనం ఆ కుర్చీలో కూర్చుని "మీకు తెలియనిది ఏముంది మేడమ్, మీ ఇష్టం" అంటాం. టీచర్ని గౌరవించడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు, మంచిదే. కానీ ఈ బల్ల దగ్గర ఆ మాట పిల్లాడికి నష్టం చేస్తుంది. ఎదుటివాళ్ళు దాన్ని మర్యాదగా తీసుకోరు, అంగీకారంగా రాసుకుంటారు.

ఇప్పుడు అసలు పని. మీరు ఇప్పటిదాకా టీచరుతో ఎన్నిసార్లు మాట్లాడారో నాకు తెలీదు గానీ, నోటిమాటతో ఇక్కడ గడియారం తిరగదు. కాగితం పెట్టాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఇక్కడ రాయందే అడిగినట్టు లెక్క కాదు. నిజానికి ఇబ్బంది ఉన్న పిల్లల్ని వెతికి పట్టుకునే బాధ్యత డిస్ట్రిక్టుదేనని చట్టంలో ఉంది, దాన్ని చైల్డ్ ఫైండ్ అంటారు. అయినా వాళ్ళు వెతికేదాకా కూర్చోకండి.

మెయిల్ ఎవరికి పంపుతున్నారన్నది ముఖ్యం. టెక్సస్‌లో డిస్ట్రిక్టు స్పెషల్ ఎడ్ డైరెక్టరుకో, ప్రిన్సిపాల్ లాంటి పరిపాలన ఉద్యోగికో లిఖితంగా అందితే వాళ్ళు 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. క్లాస్ టీచరుకి మాత్రమే పంపితే అది ఆమె ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది. అందుకని డైరెక్టరుకి, ప్రిన్సిపాల్‌కి ఇద్దరికీ పంపి, టీచర్ని కాపీలో పెట్టండి. పెద్ద వ్యాసం అక్కర్లేదు. బాబు పేరు, పుట్టిన తేదీ, క్లాసు. "మా అబ్బాయికి వైకల్యం ఉందని అనుమానిస్తున్నాను, ఐడియా చట్టం కింద పూర్తి ఇవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాను" అన్న ఒక్క వాక్యం. ఇవాల్యుయేషన్ అంటే వాడి ఇబ్బంది ఏమిటో తేల్చే పరీక్షలు. ఆ తర్వాత మీరు చూసినవి ఓ నాలుగు ముక్కలు: ఇంట్లో పది నిమిషాల హోంవర్క్‌కి గంట పడుతోంది, ఒక పేజీ చదివేలోపు ఆరుసార్లు లేస్తున్నాడు, రెండేళ్ళలో ఇంటికి ఒక్క స్నేహితుడూ రాలేదు, డాక్టరు ఈ అనుమానం చెప్పారు. చదువు, శ్రద్ధ, మాట, ప్రవర్తన, చేతిరాత అన్నీ చూడమని అడగండి. మీరు పేరెత్తని దాన్ని వాళ్ళు పరీక్షించకపోవచ్చు. కింద తేదీ వేయండి.

"ఈ ఏడాది చూద్దాం" అన్న మాటకి వస్తాను, నాకు కోపం తెప్పించే మాట ఇది. స్కూళ్ళలో ఆర్‌టీఐ అనో ఎంటీఎస్‌ఎస్ అనో ఒక పద్ధతి ఉంటుంది. ముందు చిన్న గుంపులో కూర్చోబెట్టి అదనంగా చదివించడం, ఎనిమిది వారాలు చూడటం, మళ్ళీ ఇంకో ఎనిమిది వారాలు. పద్ధతి మంచిదే, నేనూ చేస్తాను. కానీ దాన్ని అడ్డం పెట్టి ఇవాల్యుయేషన్ వాయిదా వేయడం, నిరాకరించడం కుదరదని అమెరికా విద్యా శాఖ 2011లోనే రాష్ట్రాలన్నిటికీ మెమో పంపింది. రెండూ ఒకేసారి నడవచ్చు. ఎవరైనా "ముందు ఇది పూర్తవ్వాలి" అంటే "సరేనండి, అదీ చేయండి, ఇదీ మొదలుపెట్టండి" అనండి.

టెక్సస్‌లో ఈ ఆలస్యానికి ఓ పాత కథ కూడా ఉంది. 2004లో రాష్ట్ర విద్యా ఏజెన్సీ ఒక కొలబద్ద పెట్టింది, స్పెషల్ ఎడ్‌లో పిల్లలు 8.5 శాతానికి మించితే ఆ డిస్ట్రిక్టుకి మార్కులు తగ్గేలా. అప్పటికి సుమారు 12 శాతం ఉన్న పిల్లలు కొన్నేళ్ళలో సరిగ్గా ఆ అంకె దగ్గరికి వచ్చి ఆగారు. వైకల్యాలేమీ మాయమైపోలేదు, స్కూళ్ళు "చూద్దాం, చూద్దాం" అనడం నేర్చుకున్నాయి. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టింది, 2017లో శాసనసభ అలాంటి పరిమితుల్ని నిషేధించింది, 2018లో కేంద్ర విద్యా శాఖ ఇది చట్ట ఉల్లంఘనేనని తేల్చింది. లెక్క పోయింది గానీ అలవాటు అంత తొందరగా పోదు. మీ టీచరు చెడ్డమనిషని నేననడం లేదు. బహుశా ఆమెకి పై నుంచి నేర్పిందే ఆమె చెబుతోంది.

మెయిల్ వెళ్ళాక రెండిట్లో ఒకటి జరగాలి. ఒప్పుకుని కన్సెంట్ ఫారం (మీ అనుమతి పత్రం) పంపాలి, లేదా ఎందుకు చేయమో కారణాలతో కాగితం ఇవ్వాలి. ఆ కాగితాన్ని ప్రయర్ రిటన్ నోటీస్ అంటారు. ఫోన్లో "అవసరం లేదనుకుంటున్నామండీ" అని తేల్చేస్తే, "దయచేసి అదే నోటీసుగా ఇవ్వండి" అనండి. నా అనుభవంలో సగం కాదన్న మాటలు అక్కడే మెత్తబడతాయి. నోటితో చెప్పినంత తేలిగ్గా కారణాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేరు.

మీరు కన్సెంట్ మీద సంతకం పెట్టాక టెక్సస్‌లో 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. మిగతా చాలా రాష్ట్రాల్లో కేంద్రం లెక్క ప్రకారం 60 రోజులు. స్కూలు ఏడాది చివర్లో సంతకం పెడితే ఈ 45 రోజులు వేసవి దాటి వచ్చే ఏడాదిలోకి పోవచ్చు, అందుకే ఏప్రిల్ దాకా ఆగకండి. పరీక్షలు చేసేది స్కూలు సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, అవసరమైతే ఓటీ (చేతిరాత లాంటి రోజువారీ పనుల్లో సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టు). క్లాసులో కూర్చుని గమనిస్తారు, మీకూ టీచరుకీ ప్రశ్నపత్రాలిస్తారు. వాటిని రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో నింపకండి. మనవాళ్ళు అక్కడ కూడా పిల్లాణ్ణి వెనకేసుకొస్తారు. "అప్పుడప్పుడూ" అని టిక్కు పెట్టేచోట నిజంగా "ఎప్పుడూ" అయితే ఎప్పుడూ అనే పెట్టండి.

ఇక భాష. చట్టం ప్రకారం పిల్లాడికి బాగా వచ్చిన భాషలో పరీక్షించాలి, కేవలం ఇంగ్లిష్ రాకపోవడం వల్ల వెనకబడితే దాన్ని వైకల్యం అనకూడదు. ఇది రెండంచుల కత్తి. మంచివైపు, ఇంగ్లిష్ రాదని పిల్లాణ్ణి పొరపాటున స్పెషల్ ఎడ్‌లో వేయరు. చెడ్డవైపు, నిజంగా ఇబ్బంది ఉన్నా "భాషేలే" అని వదిలేస్తారు. తెలుగు తెలిసిన సైకాలజిస్టు దొరకడం అరుదు, కాబట్టి అనువాదకుణ్ణి పెట్టమని, మాటలతో పని లేని పరీక్షలు కూడా వాడమని ముందే రాయండి. నేనొకసారి చూశాను. పదజాలం పరీక్షలో మంచులో వేసుకునే చేతి తొడుగు బొమ్మ చూపించారు. ఊరి నుంచి వచ్చి ఆరు నెలలైన పిల్లాడు కాసేపు చూసి "సాక్స్" అన్నాడు. తప్పు పడింది. అలాంటి తప్పులు ఓ పది పడితే అంకె కిందికి జారిపోతుంది, అది వాడి తెలివి అంకె కాదు.

మీవాడి విషయంలో అసలు ప్రశ్న, తెలుగులో ఎలా ఉన్నాడు అన్నది. అమ్మమ్మతో ఫోన్లో తెలుగులో గడగడా మాట్లాడి, జరిగింది వరసగా చెప్పగలిగి, ఇంగ్లిష్‌లో మాత్రమే తడబడితే అది ఎక్కువగా భాష కొత్తదనమే. తెలుగులోనూ మాట వెతుక్కుంటూ, చెప్పిన రెండు పనుల్లో రెండోది మర్చిపోతూ ఉంటే భాష సాకు చెల్లదు. ఈ ముక్క మీరు తప్ప బళ్ళో ఎవరూ చెప్పలేరు, రాసి ఇవ్వండి. ఇంట్లో తెలుగు మానేయమన్నవాళ్ళ మాట మాత్రం వినకండి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, ఏడీహెచ్‌డీ రాదు, ఆటిజం ఎక్కువ కాదు. మేమూ ఆ సలహా విని ఏడాది పాటు మావాడితో వచ్చీరాని ఇంగ్లిష్‌లో మాట్లాడాం. ఆ ఏడాది వాడితో మేం మాట్లాడిన మాటలు ఎన్నో లెక్కపెడితే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

రిపోర్టు వచ్చాక అర్హత తేల్చే మీటింగు. మిగతా దేశమంతా ఐఈపీ మీటింగు అంటారు, టెక్సస్‌లో ఆర్డ్ మీటింగు అంటారు, కంగారు పడకండి, రెండూ ఒకటే. చట్టంలో 13 రకాల వైకల్యాలున్నాయి. ఏడీహెచ్‌డీ అయితే సాధారణంగా "ఇతర ఆరోగ్య సమస్యలు" అన్న గూట్లోకి వస్తుంది, చదవడంలో ఇబ్బంది "ప్రత్యేక అభ్యాస వైకల్యం" కిందికి. డాక్టరు చీటీ ఒక్కటే సరిపోదు. వైకల్యం ఉండాలి, దానివల్ల ప్రత్యేక బోధన అవసరం పడాలి, రెండూ కలిస్తేనే అర్హత. ఇండియాలో చేయించిన రిపోర్టులుంటే ఇవ్వండి, వాటిని స్కూలువాళ్ళు చూడాలి, కానీ వాళ్ళ పరీక్షలు వాళ్ళు చేసుకుంటారు. ఒకవేళ "బోధన అవసరం లేదు, కొన్ని సదుపాయాలు చాలు" అంటే 504 ప్లాన్ ఇస్తారు. అది 1973 నాటి వేరే చట్టం కింద వస్తుంది. ముందు వరసలో కూర్చోబెట్టడం, పరీక్షకి అదనపు సమయం లాంటివి అందులో ఉంటాయి. కూర్చోబెట్టి చదవడం నేర్పే మనిషి సాధారణంగా ఉండరు. రెండో క్లాసులో పేరా చదవలేని పిల్లాడికి ముందు వరస ఇస్తే ముందు వరసలో కూర్చుని చదవలేకపోతాడు, అంతే తేడా.

నా మొదటి మీటింగు చెప్తాను. మావాడికప్పుడు నాలుగేళ్ళు. ప్రీస్కూలు గది, మోకాళ్ళెత్తు బల్ల, చిన్న కుర్చీలు. ఎదురుగా ఏడుగురు. మధ్యలో ఒక టిష్యూ డబ్బా, అది నాకోసమే పెట్టారని తర్వాత అర్థమైంది. ముప్ఫై పేజీల కాగితాల్ని ఒకావిడ ముప్పావుగంటలో చదివేసింది. ప్రతి పేజీకీ "ఎనీ క్వశ్చన్స్?" అంటే నేను తల అడ్డంగా ఊపాను. చివర్లో చూపించినచోట సంతకాలు పెట్టి, థాంక్స్ చెప్పి, కారెక్కి ఏడ్చాను. ఇంటికొచ్చి మా ఆయన అడిగితే ఆ కాగితాల్లో ఏముందో ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

మీరు అలా చేయకండి. రిపోర్టు, ఐఈపీ డ్రాఫ్టు మీటింగుకి కనీసం వారం ముందు పంపమని మెయిల్ పెట్టండి. మీకు ఇంగ్లిష్ వచ్చినా సరే, తెలుగులో అయితేనే నిదానంగా ఆలోచించగలను అనిపిస్తే అనువాదకుణ్ణి అడగండి, ఖర్చు స్కూలుదే. మీవారు ఆఫీసు కాల్ ఉందని మానేస్తారేమో, మానొద్దనండి, ఫోన్లోనైనా ఉండమనండి. తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళే హక్కు కూడా మీకుంది. హాజరు సంతకం వేరు, ఒప్పుకున్న సంతకం వేరు, రెండోది అక్కడికక్కడ పెట్టాల్సిన పని లేదు. టెక్సస్‌లో ఏకాభిప్రాయం కుదరకపోతే 10 స్కూలు రోజుల దాకా వాయిదా వేసి మళ్ళీ కూర్చునే వీలుంది. మొదటిసారి సేవలు మొదలుపెట్టడానికి మాత్రం మీ లిఖిత అనుమతి లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ ముప్ఫై పేజీల్లో మీరు గుండె పెట్టి చదవాల్సినవి మూడు చోట్లు.

మొదటిది ఇప్పుడు ఎక్కడున్నాడన్నది. "చదవడంలో ఇబ్బంది పడుతున్నాడు" అని ఉంటే వెనక్కి పంపండి. "రెండో తరగతి పేరా ఇస్తే నిమిషానికి 22 పదాలు సరిగ్గా చదివాడు" అని ఉండాలి. అంకె లేకపోతే ఏడాది తర్వాత దేనితో పోల్చుతారు? రెండోది లక్ష్యాలు. "చదివే నైపుణ్యం మెరుగుపడుతుంది, 80 శాతం" అన్నది నేను రోజూ చూసే లక్ష్యం. దేంట్లో 80 శాతం? ఎవరు కొలుస్తారు? "వచ్చే ఏడాది ఇదే సమయానికి కొత్త రెండో తరగతి పేరా ఇస్తే నిమిషానికి 60 పదాలు, వరసగా మూడుసార్లు, రెండు వారాలకోసారి కొలుస్తాం" అన్నది లక్ష్యం. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 1982లో రౌలీ కేసులో సుప్రీం కోర్టు పిల్లలకి ఎంతో కొంత ఉపయోగం ఉంటే చాలన్నట్టు మాట్లాడింది, దాన్ని పట్టుకుని కొన్ని కోర్టులు సున్నా కంటే కాస్త ఎక్కువైతే చాలన్నాయి. 2017లో కొలరాడోకి చెందిన ఆటిజం ఉన్న అబ్బాయి ఎండ్రూ కేసులో సుప్రీం కోర్టు ఆ కొలతని తోసిపుచ్చింది. పిల్లాడి పరిస్థితిని బట్టి తగిన ప్రగతి సాధించేలా ప్లాన్ ఉండాలంది, అదీ 8-0తో ఏకగ్రీవంగా. పోయినేడాది లక్ష్యాలే తేదీ మార్చి ఈ ఏడాది కూడా పెడితే ఈ తీర్పు గుర్తు చేయండి.

మూడోది సేవల పట్టిక. ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు, ఎక్కడ, ఎంతమంది పిల్లల మధ్య. ఇది చిన్న పట్టిక, అరపేజీ కూడా ఉండదు, కానీ నిజంగా జరిగేది ఇదొక్కటే. "అవసరాన్ని బట్టి" అని రాస్తే అవసరం ఎప్పటికీ రాదు. మీటింగులో ఎవరైనా ఎంత తియ్యగా "తప్పకుండా చూసుకుంటామండీ" అన్నా, పట్టికలోకి ఎక్కకపోతే జనవరిలో కొత్త టీచరు వచ్చినరోజున ఆ మాట పోతుంది. మా బడ్జెట్‌లో లేదు, మా స్కూల్లో ఆ థెరపిస్టు లేరు అంటారేమో, అది పిల్లాడికి ఇవ్వకపోవడానికి కారణం కాదు. డబ్బు ఇబ్బంది అబద్ధమని మాత్రం నేననను. దేశంలో ఒక్కో విద్యార్థి మీద అయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం ఇస్తుందని 1975లో చట్టం ఆశ చూపింది, ఇన్నేళ్ళలో ఆ మేరకు ఏ ఏడాదీ ఇవ్వలేదు. ఆ బరువు డిస్ట్రిక్టుల మీద, అక్కణ్ణుంచి మా లాంటి టీచర్ల మీద పడుతుంది. ఒక్కో ఏడు నా చేతికింద ఉన్న పిల్లల సంఖ్య చూస్తే నాకే టెన్షన్. అయినా ఆ బరువు మోయాల్సింది మీ ఏడున్నరేళ్ళవాడు కాదు కదా.

పట్టికలో ఉన్నంత మాత్రాన జరుగుతోందనుకోకండి. మావాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు స్పీచ్ థెరపీ అయిన రోజు చొక్కాకి నక్షత్రం స్టిక్కరు అంటించుకుని వచ్చేవాడు. బట్టలు ఉతికేటప్పుడు అవి తీయలేక విసుక్కునేదాన్ని. ఒక అక్టోబరు తర్వాత స్టిక్కర్లు రావడం మానేశాయి. హాయిగా ఉందనుకున్నాను గానీ ఆలోచించలేదు. క్రిస్మస్ సెలవుల్లో ఉతికిన బట్టలు మడతపెడుతూ ఉంటే తట్టింది. జనవరిలో సర్వీస్ లాగ్, అంటే ఏ రోజు ఎంత థెరపీ జరిగిందో రాసుకునే రికార్డు, అడిగాను. థెరపిస్టు ఉద్యోగం మానేసింది, తొమ్మిది వారాలు ఖాళీ. ఎవరూ దాచలేదు, ఎవరూ చెప్పనూ లేదు. పోయిన గంటలు తిరిగి ఇవ్వమని రాస్తే ఆ వేసవిలో ఇచ్చారు. అలా పూడ్చడాన్ని కాంపెన్సేటరీ సర్వీసెస్ అంటారు. నెలకోసారి లాగ్ చూపించమని అడగడం అమర్యాద కాదు, నన్ను ఎవరైనా అడిగితే నేను సంతోషిస్తాను.

ముద్ర గురించి. "స్పెషల్ క్లాసులో పడేస్తారా" అన్నదే కదా మీ భయం. చట్టం చెప్పేది, సాధ్యమైనంతవరకు మామూలు పిల్లలతోనే ఉంచాలి, అక్కడే సాయం ఇవ్వాలి, అది సరిపోనప్పుడే బయటికి తీయాలి అని. మీవాడిలాంటి పిల్లలు ఎక్కువమంది రోజంతా మామూలు క్లాసులోనే ఉండి, ఓ అరగంటో ముప్పావుగంటో రిసోర్స్ గదికి (కొద్దిమందికి విడిగా చెప్పే గది) వస్తారు, లేదా టీచరే క్లాసులోకి వెళ్తుంది. ఐఈపీ ఉందన్న సంగతి గోప్యం. డిప్లొమా మీద రాయరు, మీరు చెప్తే తప్ప కాలేజీలకి తెలియదు. దేశం మొత్తం మీద 2022-23లో సుమారు 75 లక్షలమంది పిల్లలు ఈ సేవలు పొందారు, అంటే పబ్లిక్ స్కూలు పిల్లల్లో ప్రతి వందమందిలో 15 మంది. మీవాడి క్లాసులో ఇప్పటికే ఇద్దరో ముగ్గురో ఉండి ఉంటారు, మీకు తెలియదంతే. చదవలేనివాడికి పిల్లలు పెట్టే పేర్లు వేరే ఉంటాయి, వాటికి కాగితం అక్కర్లేదు.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ప్రశ్న చదివి వినిపించడం, అదనపు సమయం ఇవ్వడం సదుపాయాలు, అవి పాఠాన్ని మార్చవు. తరగతి పాఠం బదులు తేలికైన పాఠం పెట్టడం వేరే సంగతి. అది కొందరు పిల్లలకి నిజంగా అవసరం, కానీ ఏళ్ళ తరబడి సాగితే హైస్కూలు డిప్లొమా దాకా ప్రభావం ఉంటుంది. ఏది ఏదో మీటింగులో అడిగి తెలుసుకోండి.

స్కూలు ఇవాల్యుయేషన్ తప్పనిపిస్తే బయటి నిపుణుడితో, స్కూలు ఖర్చుతో, ఇంకో ఇవాల్యుయేషన్ అడగచ్చు. అప్పుడు స్కూలు డబ్బైనా కట్టాలి, తమ పరీక్ష సరైందేనని హియరింగ్‌కైనా (విచారణకి) వెళ్ళాలి. అక్కడితో తేలకపోతే మీడియేషన్ (మధ్యవర్తి ముందు రాజీ) ఉంది, రాష్ట్ర ఏజెన్సీకి ఫిర్యాదు ఉంది. ఫిర్యాదు ఏడాదిలోపు జరిగిన వాటి మీదే పెట్టాలి, 60 రోజుల్లో తేలుస్తారు, లాయరు అక్కర్లేదు. ఆఖరిది డ్యూ ప్రాసెస్ హియరింగ్, అంటే కోర్టులాంటి విచారణ, దానికి డబ్బు, ఓపిక రెండూ కావాలి. ఇన్నేళ్ళలో నేను చూసినవాటిలో ఎక్కువ తగాదాలు రెండో మీటింగులోనే తేలిపోయాయి, ముందే కత్తులు నూరుకోకండి. ఉచితంగా సలహా ఇచ్చే పేరెంట్ సెంటరు ప్రతి రాష్ట్రంలోనూ ఉంటుంది, టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్ అని. వాళ్ళకి ఫోన్ చేయండి.

బయట థెరపీ కూడా కావాలా అన్నారు. ఇన్సూరెన్స్ కలిసొస్తే చేయించండి. స్కూలు చూసేది చదువుకి అడ్డొచ్చే వాటినే, ఇంట్లో నిద్ర, తిండి, కోపాలు వాళ్ళ పరిధిలోకి రావు. ఒకదాన్ని చూపించి ఇంకోటి మానేయకూడదు. "బయట చేయిస్తున్నారు కదా" అని స్కూలు తప్పించుకోవడానికి కూడా లేదు.

ఇంకోటి, అడగలేదు గానీ హెచ్‌వన్ బతుకులు కాబట్టి చెప్తున్నాను. ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్ళినా ఐఈపీ గాల్లో కలిసిపోదు. కొత్త స్కూలు తన ఇవాల్యుయేషన్ చేసుకునేదాకా దాదాపు అవే సేవలు ఇవ్వాలి. కాకపోతే రికార్డులు వాళ్ళ మధ్య వెళ్ళడానికి వారాలు పడుతుంది, అందుకని ఆఖరి ఐఈపీ, రిపోర్టు మీ ఫోన్లోనూ కాగితంగానూ పెట్టుకోండి. చేరే రోజే ఇచ్చేయండి.

ఇప్పుడు నవంబరు మొదటి వారం. ఈ రాత్రే మెయిల్ పంపితే రేపటి నుంచి 15 స్కూలు రోజులు లెక్కపెట్టుకోండి. శని, ఆదివారాలు, థాంక్స్‌గివింగ్ సెలవులు అందులోకి రావు, కాబట్టి గడువు డిసెంబరు మొదటి వారంలో పడుతుంది. స్కూలు క్యాలెండరు చూసి సరిగ్గా ఏ తేదీయో ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ఆ రోజు దాటినా ఏమీ రాకపోతే, అదే మెయిల్ కింద "ఈ విషయం ఎందాకా వచ్చిందండీ?" అని ఒక్క లైను రాసి మళ్ళీ పంపండి. ఏ జవాబు వచ్చినా ఇక్కడ చెప్పండి, కాగితంలో ఏముందో కలిసి చూద్దాం.